లెక్క తప్పింది ఎక్కడ?

ఉపాధ్యాయుల మహాసభలు మన జిల్లా వాసులకు కొత్త కాదు. ఊరి మొదట్లో స్వాగత ద్వారం, హాలు ముందు షామియానా, వేదిక మీద పది కుర్చీలు, పెద్దలకు పూలదండలు, శాలువాలు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వస్తారు. ఉపాధ్యాయ వృత్తి పవిత్రమైనదని చెప్పి మరో సభకు వెళ్లిపోతారు. ఆ తరువాత కరువు భత్యం మీద, బదిలీల మీద, పింఛను మీద తీర్మానాలు, ఆపైన భోజనాలు. ఇవన్నీ అక్కరలేనివని ఎవరూ అనరు. జీతం నెలనెలా చేతికందని మేష్టారు పాఠం శ్రద్ధగా చెప్పాలని కోరటం న్యాయం కాదు. అయితే ఒక్క సంగతి మాత్రం ఆ వేదికల మీద చర్చకు రావటం అరుదు. లెక్కల పరీక్ష తప్పి ఇంటి అరుగు మీద కూర్చున్న పిల్లవాడి సంగతి అది.

అమెరికాలో రెండేళ్ల కాలేజీలలో లెక్కలు చెప్పే అధ్యాపకులకు ఒక సంఘం ఉంది. 1974లో ఏర్పడింది. అమెరికా రెండేళ్ల కళాశాలల గణిత సంఘమని దాని పేరుకు అర్థం. పొడి అక్షరాలలో ‘ఆమాటిక్’ అంటారు. ఏటా శీతాకాలం ముందు ఏదో ఒక నగరంలో దాని వార్షిక సభ జరుగుతుంది. 2023లో ఒమాహాలో, 2024లో అట్లాంటాలో జరిగింది. అట్లాంటాలో జరిగినది యాభయ్యవ సభ. ఆ సభలలో అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటి మన పల్లెలకూ పనికివస్తుంది. లెక్క తప్పింది పిల్లవాడా, లేక మనం పెట్టిన పద్ధతా?

తలుపులు తెరిచిన కాలేజీలు

ఆ కాలేజీలు ఎటువంటివో ముందు తెలియాలి. వాటిని కమ్యూనిటీ కాలేజీలంటారు. మొదటిది 1901లో షికాగోకు దగ్గరలోని జోలియట్ పట్టణంలో వెలిసింది. నేడు దేశమంతటా సుమారు వెయ్యి ఉన్నాయి. పన్నెండో తరగతి తరువాత రెండేళ్లు అక్కడ చదివి, ఆపైన మూడో ఏడాదిలో విశ్వవిద్యాలయానికి మారవచ్చు. లేదా నర్సుగానో, మెకానిక్‌గానో, ఆఫీసు ఉద్యోగిగానో స్థిరపడవచ్చు. ఫీజు తక్కువ. ప్రవేశానికి ర్యాంకుల బెడద లేదు. వచ్చినవారిని వచ్చినట్టు చేర్చుకుంటారు.

అందుచేత అక్కడికి చేరేవారిలో పగలు దుకాణంలో పనిచేసి రాత్రి చదివే కుర్రాళ్లు ఉంటారు. బిడ్డను ఎవరికో అప్పగించి వచ్చే తల్లులు ఉంటారు. నలభై ఏళ్లకు ఫ్యాక్టరీ మూతపడి మళ్లీ పలక పట్టినవారు ఉంటారు. పేరున్న విశ్వవిద్యాలయాలు వద్దన్నవారికి ఈ కాలేజీలే దిక్కు. అక్కడికి వెళ్లిన మన తెలుగువారి పిల్లలలోనూ ఖర్చు కలిసివస్తుందని మొదటి రెండేళ్లు ఈ కాలేజీలలో చదివేవారున్నారు.

ఆ సంఘం వ్యవస్థాపకులలో హెర్బర్ట్ గ్రాస్ ఒకరు. ప్రపంచ ప్రఖ్యాతి గల ఎం.ఐ.టి.లో పాఠాలు చెప్పిన మనిషి. ఆయన చెప్పిన కలన గణితం పాఠాలను 1970లో ఆ సంస్థ ఫిల్ముగా తీసింది. ఈనాటికీ వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. అటువంటివాడు 1973లో బోస్టన్‌లో కొత్తగా తెరచిన బంకర్ హిల్ కమ్యూనిటీ కాలేజీకి వచ్చి, కూడికలు, భిన్నాలు రానివారికి లెక్కలు నేర్పారు. జైళ్లలోని ఖైదీలకు కూడా నేర్పారు. 2020లో కన్నుమూశారు. లెక్కల భయం ఉన్నవారికి చెప్పటం తక్కువ పని కాదని ఆయన తన నడతతోనే చూపించారు.

సభలో ఏం చేస్తారు?

ఆ సభ గురువారం మొదలై ఆదివారం దాకా సాగుతుంది. హాలంతటికీ కలిపి చేసే ప్రసంగాలు కొన్నే. మిగిలిన కాలమంతా చిన్న చిన్న గదులలో పాఠాలు, చర్చలు. అక్కడ చెప్పేవారూ లెక్కల మేష్టర్లే, వినేవారూ మేష్టర్లే. భిన్నాల దగ్గర పిల్లలు ఎందుకు తడబడుతున్నారు, రాత్రి క్లాసుకు అలసిపోయి వచ్చినవారికి ఎలా చెప్పాలి, కంప్యూటరును ఎంతవరకు వాడాలి వంటివి వారి విషయాలు. పాఠ్యపుస్తకాలు అచ్చువేసే కంపెనీలు కూడా అక్కడ బల్లలు వేసుకుని కూర్చుంటాయి. వ్యాపారం వ్యాపారమే. ప్రతినిధుల సభ కూర్చుని, సంఘం ఏ విషయంలో ఏ వైపున నిలవాలో ఓటు వేసి తేలుస్తుంది.

చర్చించి ఊరుకోలేదు. కాలేజీ తొలి తరగతులలో లెక్కలు ఎలా బోధించాలో 1995లో ఒక ప్రమాణ గ్రంథం వెలువరించారు. 2006లో, 2018లో దానికి కొనసాగింపులు తెచ్చారు. పిల్లవాడు నల్లబల్ల చూసి ఎక్కించుకోవటం కాదు, తాను చేసి, తోటివారితో వాదించి నేర్చుకోవాలన్నది వాటిలోని ముఖ్యాంశం.

కాలువ చివరి పొలం

ఇంతకీ వారిని అంతగా కలతపెట్టిన సమస్య ఏమిటి? కాలేజీలో చేరగానే ప్రతివారికీ లెక్కల పరీక్ష ఒకటి పెట్టేవారు. అందులో తక్కువ వచ్చినవారిని బడి లెక్కలు మళ్లీ నేర్పే కింది క్లాసులకు పంపేవారు. ఒక మెట్టు కిందికి కొందరిని, రెండు మెట్లు కిందికి కొందరిని, మూడు మెట్లు కిందికి మరికొందరిని. ఆ మెట్లన్నీ ఎక్కివస్తేనే అసలు కాలేజీ లెక్కల తరగతి. ఉద్దేశం మంచిదే. పునాది గట్టిపడాలనే.

కాలువ చివరి భూముల రైతుకు ఇందులోని చిక్కు విడమరచి చెప్పనక్కరలేదు. తూము దగ్గర వదిలిన నీరంతా చివరి పొలానికి చేరదు. వందమంది ఉన్నారనుకుందాం. మొదటి మెట్టులో నూటికి డెబ్బయిమంది పాసయ్యారు. మంచి ఫలితమే అంటాం. రెండో మెట్టులో ఆ డెబ్బయిమందిలో అదే వంతున పాసయితే మిగిలేది 49 మంది. మూడో మెట్టు దాటేసరికి 34 మంది. ఏ క్లాసు మేష్టారిని అడిగినా తన క్లాసులో డెబ్బయి శాతం పాసయ్యారనే చెబుతాడు. అది అబద్ధం కాదు. అయినా చివరికి మూడింట రెండు వంతుల మంది కనిపించకుండా పోయారు.

ఇది ఊహ లెక్క. నిజం లెక్క ఇంకా కటువుగా ఉంది. 57 కాలేజీల రికార్డులు పరిశీలించి కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రకటించారు. లెక్కలలో కింది క్లాసులకు పంపబడినవారిలో ఆ క్లాసులన్నీ పూర్తిచేసినవారు మూడో వంతు మాత్రమే. మూడు మెట్లు కిందికి పంపబడినవారిలో నూటికి 17 మంది. మరొక సంగతి గమనించదగ్గది. పరీక్ష తప్పి ఆగిపోయినవారికంటే, అసలు క్లాసులోనే చేరకుండా, లేదా పాసై కూడా తరువాతి క్లాసులో చేరకుండా ఆగిపోయినవారే ఎక్కువ. అంటే చాలామందిని ఓడించింది లెక్క కాదు, దారి పొడవు.

దారి మార్చారు

అక్కడి లెక్కల మేష్టర్లు తమ తప్పును తామే వెదుక్కున్నారు. నర్సు కాగోరే అమ్మాయికి మందు మోతాదు లెక్క రావాలి, శాతాలు రావాలి, పట్టికలు చదవటం రావాలి. ఇంజనీరు కాబోయేవాడికి కావలసిన బీజగణితమంతా ఆమెకు ఎందుకు? ఆ బీజగణితం దగ్గర తప్పించి ఆమెను ఇంటికి పంపటం వల్ల ఆసుపత్రికి ఒక నర్సు తగ్గింది తప్ప మరెవరికి లాభం?

2014 నవంబరులో నాష్‌విల్‌లో జరిగిన వార్షిక సభలో ఆ సంఘం ఈ విషయంపై తన మాట ఖరారు చేసింది. కలన గణితం అక్కరలేని చదువులకు వెళ్లేవారికి ఆ పాత బీజగణితమే ఏకైక వాకిలి కానక్కరలేదని, వేరే తగిన క్లాసులతోనూ వారిని సిద్ధం చేయవచ్చని చెప్పింది. ఏళ్ల తరబడి అదే బీజగణితం బోధించి జీతం తీసుకున్న మేష్టర్లు ఈ మాట అనటం చిన్న విషయం కాదు.

అప్పటికే కొన్ని ప్రయోగాలు నడుస్తున్నాయి. కార్నెగీ ఫౌండేషన్ 2011లో ‘స్టాట్‌వే’ అనే పేరుతో గణాంకాల ఆధారంగా ఒక ఏడాది కోర్సు మొదలుపెట్టించింది. మొదటి జట్టులో సగం మంది ఏడాదిలోనే కాలేజీ లెక్కలు గట్టెక్కారు. పాత దారిలో ఏడాదిలో గట్టెక్కినవారు నూటికి ఆరుగురు. 2015లో టెనెసీ రాష్ట్రం కింది క్లాసులను తీసివేసి, అసలు క్లాసుతో పాటే అదనపు సహాయం ఇచ్చే పద్ధతి పెట్టింది. కాలిఫోర్నియా 2017లో చట్టమే చేసింది. విద్యార్థికి ఏడాదిలోగా అసలు క్లాసు పూర్తిచేసే అవకాశం ఎక్కువగా ఉండాలని, ఒక్క పరీక్ష చూసి కాక బడిలోని మార్కులు చూసి క్లాసు నిర్ణయించాలని అందులో ఉంది.

ఎదురుమాట లేకపోలేదు. బొత్తిగా రానివారిని ఒకేసారి పై క్లాసులో కూర్చోబెడితే వారు మునిగిపోతారని వాదించే అధ్యాపకులు నేటికీ ఉన్నారు. పేదవారి పిల్లలకు తేలిక లెక్కలు, కలిగినవారి పిల్లలకు అసలు లెక్కలు అనే కొత్త కులభేదం పుడుతుందేమోనని మరికొందరి భయం. ఆ భయం కొట్టిపారేయదగినది కాదు. తేలిక దారి వేయటమంటే పెద్ద దారి మూసివేయటం కారాదు. ఇంజనీరు కావాలనుకున్న కూలివాని కొడుక్కి బీజగణితం చెప్పనని ఏ మేష్టారూ అనకూడదు.

మన సంగతి

అక్కడి పద్ధతులు ఇక్కడ దించుకోవాలని కాదు. మన చదువుల తీరు వేరు, పరీక్షలు వేరు. అయితే కాలువ లెక్క మాత్రం రెండు చోట్లా ఒక్కటే. పదో తరగతి ఫలితాలు రాగానే ఏ బడిలో ఎంత శాతం, ఏ జిల్లాకు ఎన్నో స్థానం అని పత్రికలు రాస్తాయి. అధికారులు అభినందనలు అందుకుంటారు. ఆరో తరగతిలో చేరి, పదో తరగతి దాకా రానివారు ఆ శాతంలో కనిపించరు. లెక్కలు ఒక్కటి పోయి, సప్లిమెంటరీ రుసుము కట్టకుండా పనిలోకి వెళ్లిన కుర్రవాడి పేరు మరుసటి ఏడాది ఎవరికీ గుర్తుండదు. ఆడపిల్లయితే ఆ ఎండాకాలమే సంబంధాలు చూడటం మొదలవుతుంది. పది మార్కులకు ఒక జీవితం మలుపు తిరగటం శోచనీయం.

విచిత్రమేమంటే ఆ పిల్లల ఇళ్లలో లెక్క రానివారు లేరు. నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే ఎనిమిది నెలలకు ఎంతయిందో తల్లి నోటితోనే చెబుతుంది. కాటా దగ్గర తరుగు ఎంత తీశారో తండ్రి పసిగడతాడు. ఇరవై లీటర్ల ట్యాంకుకు మందు ఎన్ని మిల్లీలీటర్లో అన్నకు తెలుసు. అదే ఇంటి పిల్లవాడు బడిలో శాతాల దగ్గర బిక్కమొహం వేస్తున్నాడు. ఇంటి లెక్కకూ బడి లెక్కకూ మధ్య వంతెన ఎక్కడ తెగిందో చూడవలసినవారు లెక్కల మేష్టర్లే.

వారు కలుసుకునే చోట్లు లేకపోలేదు. గణిత ఉపాధ్యాయుల అఖిల భారత సంఘం ఒకటి 1965 నుంచి మద్రాసు కేంద్రంగా సభలు జరుపుతూనే ఉంది. మన రెండు రాష్ట్రాలలోనూ స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. ఆ సమావేశాలలో కాలం చాలావరకు కాగితాలు నింపటానికే సరిపోతోందని ఉపాధ్యాయులే వాపోతుంటారు.

డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు. 2012 నుంచి దాన్ని జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నాం. బడులలో ముగ్గులు, ఉపన్యాసాలు, బహుమతులు ఉంటాయి. ఆ వారంలో ఒక రోజును మండలంలోని లెక్కల మేష్టర్లకు, జూనియర్ కాలేజీ లెక్చరర్లకు కలిపి కేటాయిస్తే బాగుంటుంది. వేదిక అక్కరలేదు, నల్లబల్ల చాలు. దండలు అక్కరలేదు. వచ్చే ప్రతి ఉపాధ్యాయుడూ మూడు సంగతులు రాసుకుని రావాలి. గత ఏడాది లెక్కలు తప్పినవారు, చదువు మానినవారు ఎవరెవరు? వారు ఏ తరగతిలో, ఏ పాఠం దగ్గర మొదటిసారి వెనుకబడ్డారు? వారికోసం ఏం చేసి చూశారు, అది ఫలించిందా, లేదా? ఫలించలేదని చెప్పినవారిని ఎవరూ సంజాయిషీ అడగరాదు. అడిగితే మరుసటి ఏడాది నిజం చెప్పేవారుండరు.

ఏడో తరగతి మేష్టారు చెప్పినది పదో తరగతి మేష్టారు వినాలి. పదో తరగతి మేష్టారు చెప్పినది కాలేజీ లెక్చరరు వినాలి. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, పై తరగతివారు కింది తరగతివారిని నిందించటం, అందరూ కలిసి పిల్లవాడిని నిందించటం. ఆ ఒక్క రోజుకు ప్రయాణ ఖర్చులు, సెలవు ఇవ్వటం విద్యాశాఖకు పెద్ద భారం కాదు. బడి కమిటీలలోని తల్లిదండ్రులు కూడా ఒకరిద్దరు ఆ గదిలో కూర్చోవచ్చు. పత్రికల వారు రాకపోయినా ఫరవాలేదు.

జిల్లా విద్యాధికారులు ఈ డిసెంబరుకైనా ఒకటి రెండు మండలాలలో దీన్ని మొదలుపెట్టి చూడటం వాంఛనీయం. ముందుగా చేయవలసిన పని, తప్పిన పిల్లల పేర్లు, ఊళ్లు ఒక పుస్తకంలో రాయించటం. ఆ పేర్లు చాలా బడులలో పాత రిజిష్టర్లలో ఇంకా ఉన్నాయి.