తాళం తీసేవారుంటేనే...

తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన హ్యూస్టన్, డాలస్ నగరాలు ఒకప్పుడు చెరో ఎరీనాను చూసుకుని మురిసిపోయాయి. హ్యూస్టన్‌లో 1975లో ‘సమ్మిట్’, డాలస్‌లో 1980లో ‘రీయూనియన్ ఎరీనా’ తెరుచుకున్నాయి. ఒకరోజు బాస్కెట్‌బాల్, మరోరోజు సంగీత కచేరీ. రాకెట్స్ జట్టు 1994, 1995 ఎన్‌బీఏ టైటిళ్లను సమ్మిట్‌లోనే అందుకుంది.

కొత్త ఎరీనాలు రాగానే రెండింటికీ గడ్డుకాలం మొదలైంది. 2005లో కత్రినా తుపాను బాధితులకు ఆశ్రయమిచ్చిన రీయూనియన్ 2009లో నేలమట్టమైంది. సమ్మిట్ మాత్రం నిలిచింది. 2003లో రాకెట్స్ ఖాళీ చేశాక లేక్‌వుడ్ చర్చి దాని రూపు మార్చి, 2005 నుంచి అక్కడే ప్రార్థనలు జరుపుతోంది. 2010లో భవనాన్ని కొనేసింది కూడా.

కట్టడాన్ని కాపాడింది గత వైభవం కాదు, వారం వారం వచ్చే జనం. విరాళాలతో కమ్యూనిటీ హాళ్లు కట్టాలనుకునే మన సంఘాలు గమనించాల్సింది ఇదే. ఉగాది, సంక్రాంతి సంబరాలు సరే, మిగతా రోజుల మాటేమిటి? పిల్లల తెలుగు బడి, యువత ఆటలు, పెద్దల కాలక్షేపం... వీటికి ప్లాన్‌లోనే చోటుండాలి. ముఖ్యంగా ఇక్కడ పుట్టిన పిల్లలు అది తమదనుకోవాలి. లేకుంటే శిలాఫలకం మీద మన పేర్లు మిగులుతాయి, తాళం తీసేవారే ఉండరు.