స్లైడ్ల పెట్టెను పారేయొద్దు

పోయిన నెల మన మదురై టూర్ ఫొటోలు సెమినార్ హాల్లో వేసినప్పుడు మీలో చాలామంది ఉన్నారు. 400కు పైగా ఫొటోలు, లాప్‌టాప్ తనంతట తనే మార్చుకుంటూ పోయింది. మూడో నిమిషానికే సగం మంది ఫోన్లలోకి దిగిపోయారు. నేనూ దిగాను, అబద్ధమెందుకు.

అందులో తిరుమల నాయకర్ మహల్ స్తంభాలు గుర్తున్నాయా? అంతెత్తు స్తంభాలు తెర మీద అగ్గిపుల్లల్లా కనిపించాయి. మన ప్రొజెక్టర్ చూపించగల చుక్కలు అడ్డంగా 1024, నిలువుగా 768. అంటే మొత్తం 8 లక్షలకు కాస్త తక్కువ. ఫోన్ తీసేదేమో 1 కోటి 20 లక్షల చుక్కల ఫొటో. పైగా ఫొటో నిలువుగా ఉంటే రెండు పక్కలా ఖాళీ వదిలేసి, మధ్యలో 576 చుక్కల వెడల్పులో ఇరికిస్తుంది. ఆ ఖాళీ కూడా నల్లగా ఉండదు, బూడిద రంగులో వెలుగుతూ ఉంటుంది.

మా పెదనాన్న దగ్గర స్లైడ్ ప్రొజెక్టర్ ఉంది. స్లైడ్ చూడనివాళ్ల కోసం చెబుతున్నా: 24 మి.మీ., 36 మి.మీ. కొలతల ఫిల్ము ముక్క, దాని చుట్టూ చతురస్రంగా ఒక చట్రం. చట్రం చతురస్రం కాబట్టి అడ్డం ఫొటో అయినా నిలువు ఫొటో అయినా గోడ మీద ఒకే సైజులో పడుతుంది. అదే మహల్ స్తంభం వాళ్లింటి గోడ మీద పైకప్పు దాకా లేచింది.

ఇంకో సంగతి. ఎవరో ఒకరు బటన్ నొక్కితేగాని అక్కడ ఫొటో మారదు. "ఉండరా, మార్చొద్దు" అంటుంది అవ్వ. ఇక కథ మొదలు. అమ్మ తమిళంలో అడుగుతుంది, అవ్వ తెలుగులో చెబుతుంది, మధ్యలో నేను. వసారా, గాదె, కవ్వం లాంటి మాటలు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, ఆ చీకటి గదిలోనే దొరికాయి.

అలాగని డిజిటల్ ప్రొజెక్టర్ వద్దని నేననను. క్లాసుకు అదే సులువు. కొడాక్ కంపెనీ స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీని 2004లోనే ఆపేసింది, బల్బు పోతే వెతుక్కోవాలి. స్లైడ్లూ శాశ్వతం కాదు. మన తేమకు బూజు పడుతుంది, ఎక్కువసేపు వెలుగులో ఉంచితే రంగు వెలుస్తుంది. కానీ రెండేళ్ల కిందటి సీనియర్ అక్కల టూర్ ఫొటోలు ఎక్కడున్నాయో అడిగి చూడండి. హార్డ్‌డిస్క్ పోయింది, అంతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన డిపార్ట్‌మెంట్ బీరువాలోని పాత స్లైడ్ ప్రొజెక్టర్‌తో పాటు స్లైడ్ల పెట్టెను కూడా కండెమ్ లిస్టులో చేర్చారట. మెషిన్ పోతే పోనివ్వండి. స్లైడ్లెందుకు? నేనొకటి తీసి కిటికీ వెలుగుకు పట్టి చూశాను. కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. రాయి మీద తెలుగు అక్షరాలు, ఏదో శాసనం. ఊరి పేరు చట్రం మీద పెన్సిల్‌తో రాసి ఉంది, సగం చెరిగిపోయింది.

మేడమ్‌లకు నా మనవి: లిస్టు పంపేముందు మాకు రెండు వారాలు ఇవ్వండి. స్కాన్ చేయిస్తాం, పేర్లు రాస్తాం, తిరిగి పెట్టెలోనే పెడతాం. శుక్రవారం చివరి పీరియడ్ తర్వాత నేనూ ఇంకో ఇద్దరం బీరువా దగ్గర ఉంటాం. ఆ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టగలవాళ్లు ఒక్కసారి వచ్చి చూడండి.