నడుముకు చేతి వైద్యం కావాలి, సాంచా దగ్గర స్టూలూ కావాలి



మన యూనియన్ ఆఫీసు మేడ మీద ఉంది. ఈమధ్య కొందరు సభ్యులు మెట్లెక్కలేక కిందనే నిలబడి మమ్మల్ని కేకేసి పిలుస్తున్నారు. ఏమైందని అడిగితే అందరిదీ ఒకటే మాట. నడుం దగ్గర మొదలై పిర్రలోంచి, తొడ వెనక నుంచి, పిక్క దాకా కరెంటు పాకినట్టు నొప్పి. దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినంత పని. "అన్నా, గోలీ ఏసుకుంటే రాత్రి పాళీ గడుస్తది, పొద్దుగాల మళ్ళా అదే" అన్నాడొక తమ్ముడు. మన పెద్దలు తుంటినొప్పి అన్నదీ, డాక్టర్లు సయాటికా అంటున్నదీ ఇదే. షోలాపూర్‌లో, భివండీలో సాంచాలు నడిపే మన తెలుగువాళ్ళకు ఇది కొత్త జబ్బు కాదు.

దీని గురించి, దీనికి చేతులతో చేసే వైద్యం గురించి రాద్దామంటే కమిటీలో కొందరు నవ్వారు. పగార్ పెంపు మాట వదిలి మాలీషు మాటలా అన్నారు. నడుం పడిపోయినవాడికి పగార్ ఎంత పెరిగినా చేతికొచ్చేది ఏమిటి? అందుకే రాస్తున్నాం.

కాలిలోకి పాకే నొప్పి అంతా ఒకటి కాదు. వెన్నుపూసల మధ్య డిస్కు అనే మెత్తని బిళ్ళ ఉంటుంది. అది ఉబ్బి నరం మొదలును నొక్కితే వచ్చేది అసలు సయాటికా. ఇందులో కూడా ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది, ఆపరేషన్ అవసరం కొద్దిమందికే. రెండో రకం కండరాలది. మేకమాంసం కోసేటప్పుడు కండ మీద తెల్లటి పలచని పొర కనబడుతుంది కదా, మన ఒంట్లోనూ ప్రతి కండకూ అలాంటి పొర ఉంది. దాన్ని ఫేషియా అంటారు. పన్నెండు గంటలు ఒకే కాలి మీద బరువు వేసి నిలబడి, పోగు తెగినప్పుడల్లా వంగి అతికే మనిషికి పిర్రలో కండ బిగిసి ముడి కడుతుంది. ఆ ముడి నొప్పి కూడా అచ్చం నరం నొప్పిలాగే కాలిలోకి దిగుతుంది. ఈ ముడుల లెక్క తేల్చినవాళ్ళలో అమెరికా డాక్టరమ్మ జానెట్ ట్రావెల్ ముఖ్యురాలు. నడుం నొప్పితో బాధపడిన అధ్యక్షుడు కెన్నెడీకి ఆమె వైద్యం చేసింది. 1983లో డేవిడ్ సైమన్స్‌తో కలిసి దీని మీద పెద్ద పుస్తకం రాసింది. రాజుగారి నడుమైనా కూలివాడి నడుమైనా కండ ముడి ఒకటే, వైద్యం అందడంలోనే తేడా.

మేము మిల్లులో ఉన్నప్పుడు బీము ఎక్కిస్తుంటే నడుం పట్టేసింది. నలుగురు పట్టవలసిన బీముకు ఆ రోజు ఇద్దరమే ఉన్నాం. ముందు ఎవరో చెబితే ఒకాయన దగ్గరికి పోయాం. ఆయన మమ్మల్ని బోర్లా పడుకోబెట్టి వీపు మీదికెక్కి తొక్కాడు. నాలుగు రోజులు మంచం దిగలేదు, ఎడమ పాదం మొద్దుబారింది. తరువాత ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి దగ్గరికి పోయాం. ముందు కాలు పైకెత్తించి, మడమల మీద నడిపించి, ఎక్కడ స్పర్శ తగ్గిందో చూసుకుంది. ఆ తరువాతే చెయ్యి వేసింది. నూనె లేదు, దబదబ బాదడం లేదు. పిర్రలో ఒకచోట బొటనవేలితో నొక్కి, మెల్లగా పొరను సాగదీసినట్టు నిమిషాల తరబడి పట్టుకుంది. దీన్నే మయోఫేషియల్ రిలీజ్ అంటారు. కొన్నాళ్ళకు లుంగీ మేమే కట్టుకోగలిగాం. కానీ ఆమె ప్రతిసారీ ఒకటే చెప్పేది: నా చెయ్యి సగమే, మిగతా సగం మీరు ఇంట్లో చేసే వ్యాయామం, నడక.

ఆ అమ్మాయి మాట సరైనదే. ఇంగ్లండు ప్రభుత్వ వైద్య సంస్థ నైస్ 2016లో ఇచ్చిన సూచనల్లో, చేతి వైద్యం చేయవచ్చు గాని వ్యాయామంతో కలిపే చేయాలని ఉంది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పికి వ్యాయామం, మాలీషు వంటివి పనికొస్తాయని, నడుం బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ మామూలు వైద్యంగా వద్దని చెప్పింది. మనవాళ్ళు మొదట కొనేది బెల్టే. ఆ డబ్బు మిగుల్చుకోండి. ఇంకొక మాట, చెయ్యి బిగుసుకున్న కండను వదులు చేస్తుంది గాని ఉబ్బిన డిస్కును లోపలికి నెట్టదు. నెడతానన్నవాడిని నమ్మకండి.

కొన్ని గుర్తులు కనబడితే మాత్రం ఎవరి చేతికీ నడుం ఇవ్వకూడదు. మూత్రం రాకపోవడం, తెలియకుండా పోవడం, తొడల మధ్య కూర్చునే చోట స్పర్శ లేకపోవడం, రెండు కాళ్ళూ చచ్చుబడటం, ఇలా ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. సిగ్గుపడి ఒక రాత్రి ఆగినా శాశ్వతంగా నష్టపోవచ్చు. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా ఆలస్యం చేయవద్దు.

టవళ్ళ అంచులు కుట్టే మన అక్కచెల్లెళ్ళ సంగతి వేరే చెప్పాలి. గంటల తరబడి నేల మీద వంగి కూర్చుంటారు, నొప్పి వాళ్ళకూ తక్కువేం కాదు. మగవాడు నడుం మీద చెయ్యి వేస్తాడని వైద్యానికే పోరు. ఆడ ఫిజియోథెరపిస్టు, పరదా ఉన్న గది అడగడం వాళ్ళ హక్కు.

ఇక ఇ.ఎస్.ఐ. మన చీటీ మీద నొప్పి గోలీలు రాసి పంపడం తేలిక. ఏళ్ళ తరబడి వాటినే మింగితే కడుపు, కిడ్నీలు పాడవుతాయి. ఫిజియోథెరపీకి పంపమని నోరు తెరిచి అడగండి. సెలవు మీద ఉంటే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుందని చాలామందికి తెలుసు. తెలియనిది ఇది: డిస్కు జారడం ఇ.ఎస్.ఐ. పొడిగింపు జబ్బుల జాబితాలో ఉంది. రెండేళ్ళ సర్వీసు, చందా రోజుల షరతులు సరిపోతే 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా కూడా రావచ్చు. అయితే ఒకే షెడ్డును రెండు పేర్ల మీద రాసి పదిమంది లోపే చూపించే సేట్లున్నచోట ఆ కార్డే ఉండదు. పోరాటం అక్కడ మొదలవ్వాలి.

పత్తి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైతే చట్టం దాన్ని వృత్తి వ్యాధి అంటుంది. బీముకింద విరిగిన నడుముకు ఆ జాబితాలో చోటు లేదు. నిలబడి పనిచేసేవారికి కూర్చునే వసతి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లో రాశారు, 2020 కోడ్‌లోనూ ఆ మాట ఉంచారు. మన సాంచాల మధ్య ఎన్ని స్టూళ్ళు చూశారు? ఫిజియోథెరపిస్టు గంటసేపు వదులుచేసిన కండను రాత్రి పాళీ తెల్లారేసరికి మళ్ళీ బిగిస్తుంది. అందుకే ఈసారి డిమాండ్ల కాగితంలో బీముకు ట్రాలీ, నాలుగు సాంచాలకొక స్టూలు అని రాయిస్తున్నాం.

నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఇ.ఎస్.ఐ. చీటీలు, ఎక్స్‌రేలు ఏవుంటే అవి తెచ్చి ఆఫీసులో ఇవ్వండి. మెట్లెక్కలేనివాళ్ళు కిందనుంచి పిలవండి, మేమే దిగి వస్తాం.