పట్టుకోవడం పని కాదా?

"అన్న రిపేరు చేసిండు, నువ్వు ఊకెనే పట్టుకున్నవ్ గద వదినా!" న్యాల్‌కల్‌లో మా ఇంటికొచ్చే చుట్టాలు పాత జెనిట్ ఫిల్మ్ కెమెరాను చూసి నాతో అనే మాట ఇది. ఆ 'ఊకెనే' మీదే నా పేచీ.

ఆ కెమెరా 58 మి.మీ. లెన్సులో గ్రీజు ఎండిపోయి ఫోకస్ రింగు బిగుసుకుపోయింది. విప్పి, తుడిచి, కొత్త గ్రీజు పూయడం మా ఆయన వంతు. అసలు పరీక్ష ఆ తర్వాతే. కెమెరా వెనక తలుపు తెరిచి, ఫిల్మ్ ఉండే చోట గరుకు గాజు పెట్టి, షట్టర్‌ను 'బి' మీద తెరిచి ఉంచాలి. దూరంగా ఉన్న సెల్ టవర్ బొమ్మ ఆ గాజు మీద స్పష్టంగా పడేదాకా లెన్సు తిప్పాలి. పడ్డాక లెన్సును అక్కడే ఆపి, వదులు చేసిన రింగును మాత్రమే 'అనంతం' గుర్తు దగ్గరికి తెచ్చి మూడు చిన్న మరలు బిగించాలి. అప్పుడు లెన్సు పదోవంతు మిల్లీమీటరు ముందుకు జరిగినా ఫోకస్ అనంతం నుంచి సుమారు 33 మీటర్లకు వచ్చేస్తుంది. కెమెరాను స్టాండుకు బిగించినా రింగుతో పాటు లెన్సూ తిరగబోతుంది. దాన్ని ఆపినవి నా వేళ్లు. మరలు బిగిస్తున్నంతసేపూ ఆయన చూపు స్క్రూడ్రైవర్ మీద. గాజు మీద బొమ్మ చెదరకుండా కనిపెట్టుకుని ఉన్నది నేను. అయినా తిప్పిన చేయి మెకానిక్, ఆపిన చేయి సాయం!

ఈ లెక్క మనకు కొత్తేం కాదు. నాగలి పట్టినవాడు రైతు, వెనకాలే విత్తనం వేసినామె కూలీ. హొమాయ్ వ్యారవల్లా తొలినాళ్లలో తీసిన ఫొటోలు ఆమె భర్త పేరుతో అచ్చయ్యాయి. చేతులు ఆమెవి, పేరు ఆయనది.

దీనికి జవాబు మా జహీరాబాద్ ప్రాంతంలోనే ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు వీడియో తీయడం నేర్చుకుని 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. వరంగల్ రైతులు బీటీ పత్తితో ఎట్లా నష్టపోయారో 2003లో సినిమా తీశారు. కెమెరా కోణాలకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది 'పటేల్ షాట్'. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా పట్టేది 'సంఘం షాట్'. కెమెరాను ఏ ఎత్తులో పట్టుకోవాలో తేల్చుకోవడం రాజకీయ నిర్ణయమని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పారు? అయినా వాళ్ల గురించి రాసేటప్పుడు "వాళ్ల చేతికి కెమెరా ఇచ్చారు" అనే మొదలుపెడతాం. ఆ వాక్యంలో కర్త ఇచ్చినవాళ్లే. పట్టుకున్నవాళ్లు పుచ్చుకున్నవాళ్లుగా మిగిలిపోతారు.

పరిశోధన చేసే, కథలు రాసే స్నేహితులారా, 'సహాయకురాలు' అని రాసేముందు ఒక్కమాట అడగండి: ఆమె చేయి తీసేస్తే ఆ పని నిలుస్తుందా? నిలవదంటే ఆ పనికి ఆమె పేరు కూడా రాయండి. పక్కన బ్రాకెట్‌లో కాదు, అదే వరసలో, అదే సైజు అక్షరాల్లో.