గుప్తలోకానికి కావలి ఎవరు?

విరాటుని కొలువులో పాండవులు గడపవలసి వచ్చిన ఏడాదికి షరతు ఒకటే. ఎవరైనా గుర్తుపడితే మళ్ళీ పన్నెండేండ్లు అరణ్యం. ఆయుధాలతో నగరంలో అడుగుపెడితే గుట్టు బయటపడుతుంది. వాటిని వదులుకుంటే రేపటి యుద్ధానికి దిక్కు లేదు. కాబట్టి ఊరి వెలుపల శ్మశానం చెంత ఉన్న జమ్మిచెట్టు మీదికి వాటిని ఎక్కించి, అక్కడ వ్రేలాడుతున్నది శవమని పశువుల కాపరులకు తోచేటట్లు చేశారు. దేవతలను ప్రార్థించిన మాట నిజమే గాని, చెట్టు క్రింద కావలివాడిని మాత్రం నిలుపలేదు. శవంవైపు తలయెత్తి చూడటానికి జనానికి ఉండే ఏవగింపే గాండీవానికి ఏడాదిపాటు కావలి కాచింది.

సరిగా ఇటువంటి చిక్కే నేడు పాశ్చాత్య దేశాలలో విస్తారంగా ప్రచారంలో ఉన్న ఒక వినోదాన్ని పట్టి పీడిస్తున్నది. దానిని పాత్రధారణ క్రీడ అనవచ్చు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. వారిలో ఒకరు సూత్రధారి. ఆయన ఒక లోకాన్ని మాటలతో కట్టి చూపుతాడు. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, ఆ లోకంలో తామేమి చేయదలచినదీ చెబుతారు. ఫలితం సందేహాస్పదమైన చోట పాచికలు తీర్పు చెబుతాయి. వారానికొకసారి కూడి ఏండ్ల తరబడి ఒకే కథను నడిపే బృందాలు కూడా ఉన్నాయి. 1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ క్రీడకు ఆది. అందులోని లోకం కోటలదీ, కత్తులదీ. కొండమీద డ్రాగను ఉన్నదని ఊళ్ళో పసిపిల్లవాడికి కూడా తెలుసు. తెలిసినదానిని దాచవలసిన పని లేదు. కథను నేటి పట్నానికి తెచ్చిన క్షణం నుంచే చిక్కు మొదలవుతుంది. వీధి చివర రక్తపిశాచి ఉన్నదంటే పోలీసుస్టేషను ఏమి చేస్తున్నది? ఆసుపత్రిలో డాక్టరు ఏమని వ్రాసుకున్నాడు? తెల్లవారి పత్రికలో ఆ వార్త ఎందుకు లేదు?

ఈ ప్రశ్నకు క్రీడాకర్తలు తలకొక సమాధానం చెబుతూ వచ్చారు. 1981లో వచ్చిన 'కాల్ ఆఫ్ క్తులూ' ముఖ్యంగా 1920 ప్రాంతపు కథలను ఆశ్రయించి ప్రశ్నను చాలావరకు తప్పించుకున్నది. అందులో రహస్యానికి వేరే రక్షణ అక్కరలేదు. దానిని తెలుసుకున్నవాడికి మతి నిలువదు, మతి నిలువనివాడి సాక్ష్యం చెల్లదు. 1991లో 'వాంపైర్: ది మాస్కరేడ్' ఆ రహస్యాన్నే శాసనంగా మార్చింది. పదునైదవ శతాబ్దంలో క్రైస్తవ మతన్యాయస్థానాల చితిమంటలకు జడిసిన రక్తపిశాచాలు ఒక సంఘంగా ఏర్పడి, మనుష్యులకు తమ ఉనికి తెలియరాదని మొదటి కట్టుబాటుగా పెట్టుకున్నాయని అందులోని కల్పన. కట్టుబాటు తప్పినవాడికి మరణమే శిక్ష. ఆ మరుసటి ఏడే వచ్చిన 'వేర్‌వుల్ఫ్' మరొక త్రోవ తొక్కింది. తోడేలురూపం చూసిన మనిషికి భయోన్మాదం కమ్ముతుంది. తేరుకున్న పిమ్మట చూసినది మరచిపోవడమో, ఏదో కుక్క అని సరిపెట్టుకోవడమో జరుగుతుంది. ఇది సూత్రధారికి సుఖమైన మార్గమే. కాని ఇందులో రహస్యాన్ని కాపాడటానికి ఎవరూ ఏమీ చేయనక్కరలేదు, కాపాడనందుకు ఎవరూ ఏమీ పోగొట్టుకోరు. పాండవులను ఎవరు చూసినా గుర్తుపట్టరని ముందే వరం ఇచ్చి ఉంటే విరాటపర్వానికి పని ఏమున్నది?

ఈ ఏర్పాట్లన్నీ ఫోనులో కెమెరా చేరని కాలానివి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరం మీద ఒక ఉల్క పేలింది. అది నిమిషాలలో ముగిసిన ఉత్పాతం. చెప్పి వచ్చినది కాదు. ఐనా కార్లలో అమర్చుకున్న కెమెరాలు దానిని పదుల కోణాల నుంచి పట్టుకున్నాయి, సాయంత్రానికి లోకమంతా చూసింది. ఇక ఆ ఆకాశంలో ఉల్కకు బదులు రెక్కల భూతం పోతే దాగేదెట్లా? కనుకనే ఈనాడు ఏ బల్ల దగ్గరనైనా మొదటి గంటలోనే ఎవరో ఒకరు అడుగుతున్నారు: "ఫోను తీసి వీడియో పడతాను, అందరికీ పంపుతాను. తరువాత?"

దీనికి సూత్రధారులు సాధారణంగా చెప్పే జవాబులు పేలవంగా ఉంటాయి. ఫోనులో చార్జీ అయిపోయిందట, సిగ్నలు లేదట, నల్లకోటు మనుష్యులు వచ్చి చూసినవారి జ్ఞాపకాలు తుడిచిపోయారట. మొదటిసారికి ఆటగాళ్ళు నవ్వి ఊరుకుంటారు. మూడవసారికి, తామేమి చేసినా కథ మారదని వారికి తెలిసిపోతుంది. తెలిసిన తరువాత వారు పాచికలు వేస్తారు గాని ఆడరు.

ఈ విషయంలో 2018లో వెలువడిన 'వాంపైర్' అయిదవ కూర్పు నిజాయితీ చూపిందనే చెప్పాలి. నేటి గూఢచారి సంస్థల చేతిలో ఉన్న యంత్రసామగ్రి ముందు పాత ముసుగు నిలువదని అది ఒప్పుకున్నది. రక్తపిశాచాలు తమలో తాము వార్తలు పంపుకొనే రహస్యజాలం శత్రువు చేతిలో పడింది. లండను నగరంలోని సంఘం నాశనమయింది. మిగిలినవి ఫోనులు మాని, ఉత్తరం చేతికిచ్చి మనిషిని పంపే పాతకాలపు పద్ధతికి దిగవలసివచ్చింది. శతాబ్దాల వయసున్న జమీందారులు చేతిలోని ఫోనుకు జడవడంలో ఒక హాస్యం ఉన్నది, ఒక న్యాయమూ ఉన్నది.

ఐతే కెమెరా పట్టుకున్నదంతా లోకం నమ్ముతుందా? 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీ గ్రామంలో ఇద్దరు బాలికలు తోటలో వనదేవతలతో తీయించుకున్నట్లు ఫొటోలు చూపారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు వాటిని నమ్మి 1920లో పత్రికలో ప్రకటించాడు. అవి కాగితపు బొమ్మలని ఆ ఇద్దరూ ఒప్పుకొనేసరికి 1983 వచ్చింది. ఫొటో అంటే సాక్ష్యమని లోకం తలచిన రోజులవి. దాని ప్రక్కన 2020 ఏప్రిల్ నెలను పెట్టి చూడాలి. ఆకాశంలో గుర్తు తెలియని వస్తువులను తమ నౌకాదళ విమానాలు చిత్రించిన మూడు వీడియోలను అమెరికా రక్షణశాఖ తానే అధికారికంగా విడుదల చేసింది. అవి ఏమిటో తేలలేదని కూడా ప్రకటించింది. ఎక్కడా జనం వీధులలోకి రాలేదు, ఏ కొలువూ కూలలేదు. మహమ్మారి దినాలలో ఎవరి గోల వారిది. మరి మూడేండ్లకు, 2023 మార్చిలో, పోప్ ఫ్రాన్సిస్ తెల్లని ఉబ్బుకోటు వేసుకున్న బొమ్మ ఒకటి లోకమంతా తిరిగింది, ఎందరో నిజమనుకున్నారు. అది యంత్రం అల్లిన చిత్రం. అబద్ధం ఇంత నున్నగా తయారవుతున్నప్పుడు నిజం మీద కూడా అదే అనుమానం పడుతుంది.

చూడగా, పాత చిక్కు తలక్రిందులైనట్లు కనిపిస్తుంది. ఒకప్పుడు సాక్ష్యం దొరకకపోవడం గుప్తలోకాన్ని కాపాడింది. ఇప్పుడు సాక్ష్యాలు కుప్పలుపడటం కాపాడుతున్నది. కనుక ఆటగాడు వీడియో పంపుతానంటే సూత్రధారి అడ్డం పడవలసిన అగత్యం లేదు. పంపనివ్వాలి. మొదటి గంటలో పదిమంది చూస్తారు. ఏ సినిమాకు ప్రచారమిది అని ఒకడు అడుగుతాడు. నీడ పడిన దిక్కు సరిగా లేదని మరొకడు గీతలు గీసి నిరూపిస్తాడు. సాయంత్రానికి అదే వీడియోకు అంతకన్న భీకరమైన నకళ్ళు నాలుగు వెలుస్తాయి. వారం గడిచేసరికి పంపినవాడిని పై అధికారి గదిలోకి పిలిచి, కొంతకాలం సెలవు తీసుకోమని మెత్తగా చెబుతాడు. రహస్యానికి చీమ కుట్టినట్లయినా ఉండదు; నలిగిపోయేది సాక్షి. పాచికలతో ఆడదగిన కథ అక్కడ ఉన్నది.

వేలమంది కలిసి ఒక రహస్యాన్ని దాచగలరా అనే శంక కూడా తరచు వినబడుతుంది. దాచారు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనుల సంకేతలిపిని ఛేదించిన బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్కులో దాదాపు పదివేలమంది పనిచేశారు. యుద్ధం ముగిసిన తరువాత సుమారు మూడు దశాబ్దాలు, 1974లో ఒక గ్రంథం ద్వారా బహిరంగమయ్యేవరకు, లోకానికి ఆ సంగతి తెలియదు. (పాత్రధారణ క్రీడ పుట్టినదీ అదే ఏడు, కాకతాళీయమే గాని సరసంగా ఉన్నది.) అక్కడ ఎవరి జ్ఞాపకాన్నీ ఎవరూ తుడవలేదు. ఒక గదిలోనివారికి ప్రక్క గదిలోని పని తెలియదు, చేసిన ప్రమాణం ఉన్నది, అడిగేవారూ లేరు. యుద్ధంలో ఏమి చేశావని ఇంటిలో అడిగితే గుమాస్తా పని అని చెప్పి ఊరుకున్నవారు ఎందరో. ఆ జవాబు విన్న తలిదండ్రులు కొందరు తమ బిడ్డలు దేశానికి ఏమీ చేయలేదనే తలంపుతోనే కన్నుమూశారు.

ఈ మూల్యాన్ని లెక్కలోకి తీసుకున్న క్రీడ 'డెల్టా గ్రీన్'. 1997లో 'కాల్ ఆఫ్ క్తులూ'కు అనుబంధ గ్రంథంగా వచ్చి, 2016లో స్వతంత్రమైన క్రీడగా నిలిచింది. ఇందులోని పాత్రలు ప్రభుత్వోద్యోగులు. తమ శాఖకు తెలియకుండా, లోకానికి చెప్పకుండా భూతాలతో తలపడేవారు. ప్రతి పాత్రకూ భార్య, బిడ్డ, స్నేహితుడు వంటి కొన్ని బంధాలు అంకెలతో సహా కాగితం మీద వ్రాసి ఉంటాయి. చూడరానిది చూసినప్పుడు మతి చెదరకుండా నిలుపుకోవాలంటే ఆటగాడు ఆ బంధాలలో ఒకదానిపై భారం మోపవచ్చు. మతి ఆ మేరకు నిలుస్తుంది. బంధం ఆ మేరకు తరుగుతుంది. తరువాత ఇంటిలో జరిగే సన్నివేశాన్ని ఆడి చూపవలసి ఉంటుంది. భర్త రాత్రి ఎక్కడ ఉన్నాడో చెప్పడు. ఆమె అడగడం మానేస్తుంది. రహస్యాన్ని ఏ మాంత్రికుడూ కాపాడటం లేదు. ఒక కుటుంబం విరుగుతూ కాపాడుతున్నది. ఈ ఒక్క నియమం ముందు నల్లకోటు మనుష్యుల పటాలమంతా వెలవెలబోతుంది.

ఇక్కడివరకు ప్రశ్న కళకు సంబంధించినది. కళను దాటిన ఘట్టం 2018 చివర వచ్చింది. అంతకు ముందు ఏడు ఏప్రిల్‌లో రష్యాలోని 'నోవయా గజెతా' పత్రిక ఒక ఘోరాన్ని బయటపెట్టింది. చెచెన్యాలో స్వలింగ ప్రేమికులన్న కారణంగా ఎందరినో నిర్బంధించి హింసించారని, కొందరిని చంపారని ఆ వార్త. ఆ సంగతి ఇంకా నలుగుతుండగానే 'వాంపైర్' అయిదవ కూర్పుకు అనుబంధంగా తయారైన గ్రంథం ఒకదానిలో చెచెన్యాను రక్తపిశాచాలు ఏలుతున్నాయని, ఈ హింసాకాండ తమ గుట్టు మీదికి లోకం దృష్టి పోకుండా అవి పన్నిన ఎత్తు అని వ్రాశారు. నిరసన చెలరేగింది. ప్రచురణసంస్థ వైట్ వుల్ఫ్‌కు యజమాని ఐన స్వీడన్ కంపెనీ పారడాక్స్ క్షమాపణ చెప్పి, అమ్మకం ఆపి, ఆ భాగాన్ని తొలగించి, వైట్ వుల్ఫ్ ఇక స్వతంత్రంగా గ్రంథాలు తయారుచేయబోదని ప్రకటించింది.

వ్రాసినవారికి దురుద్దేశం ఉన్నదనుకోనక్కరలేదు. లోకంలోని చెడుకంతటికీ తెరవెనుక పిశాచం ఉన్నదనడం ఈ జాతి క్రీడలకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కాని ఆ అలవాటు ఎక్కడికి తీసుకుపోతుందో గమనించాలి. కీచకుని చంపినది భీముడు. చంపినవారు గంధర్వులని మత్స్యనగరం నమ్మింది. అక్కడ ఆ నమ్మకం చెరపట్టబోయినవాడి నుంచి తప్పించుకున్న స్త్రీకి అండగా నిలిచింది. చెచెన్యా కథలో అదే ముసుగు చెరపట్టినవాడి ముఖానికి తగిలింది. ఆజ్ఞ ఇచ్చిన అధికారికీ, కొట్టిన చేతికీ పేర్లు ఉన్నాయి. వాటి స్థానంలో కోరలున్న ఒక కల్పనను నిలబెడితే, జరిగినదానికి ఏ మనిషీ బాధ్యుడు కాడు. అటువంటిదేమీ జరగనే లేదని అక్కడి ప్రభుత్వం బొంకుతూనే ఉన్నది. ఆట పుస్తకం జరిగినదని ఒప్పుకొని, చేసినవారిని విడిచిపెట్టింది. బాధితుడికి రెండూ ఒక్కటే. ఆయన ఇంకా బ్రతికి ఉండవచ్చు. ఆ గ్రంథాన్ని అంగడిలో చూడవచ్చు కూడా.

అందుచేత నేటి లోకంలో కథ నడుపదలచిన సూత్రధారికి పాచికలకన్న ముందు తేల్చుకోవలసినది ఒకటి ఉన్నది. తన గుప్తలోకం దేనిని దాచుకోవచ్చు, దేనిని తనదని చెప్పుకోరాదు? పాడుబడ్డ మిల్లులో దీపం వెలగడం, మార్చురీ పుస్తకంలో ఒక పేరు కొట్టివేసి ఉండటం, ఒక అపార్టుమెంటు వాచ్‌మన్ మూడవ అంతస్తువైపు ఎన్నడూ చూడకపోవడం వంటి కల్పిత విషయాలు ఎన్నైనా దాచుకోవచ్చు. నిజంగా జరిగిన ఊచకోతలూ, కరవులూ, నిర్బంధాలూ మనుష్యుల ఖాతాలోనే ఉండాలి. పిశాచం వాటిని చూసి ఉండవచ్చు, వాటి నుంచి పారిపోయి ఉండవచ్చు, చేయించి ఉండరాదు. ఈ మేరకు ఆట మొదలుకాకముందే బృందమంతా కూర్చుని మాట్లాడుకొనే ఆచారం చాలా చోట్ల స్థిరపడింది. ఎవరి ఊరిలో, ఎవరి ఇంటిలో ఏమి జరిగిందో సూత్రధారికి తెలియకపోవచ్చు గదా.

రహస్యం ఏనాటికైనా బద్దలు కావాలా అన్నది చివరకు మిగిలే తగవు. 'వాంపైర్' మొదటి ప్రచురణకర్తలు 2004లో గుట్టు విప్పడానికి బదులు లోకాన్నే అంతం చేసి చేతులు దులుపుకున్నారు. దానికి ఎదురుదారి 1989 నాటి 'షాడోరన్' ఏనాడో తొక్కింది. అందులో 2011లో మాయ బహిరంగంగా తిరిగివస్తుంది. ఫూజీ పర్వతం మీద డ్రాగను ఎగరడాన్ని రైలు ప్రయాణికులు కిటికీలలో నుంచి చూస్తారు. ఇక దాచడానికేమీ ఉండదు గనుక సాక్షికీ పని ఉండదు. డ్రాగనులు కొద్దికాలానికే వ్యవహారంలో కలిసిపోతాయి. ఒకటి పెద్ద కంపెనీకి అధిపతి అవుతుంది. మరొకటి అమెరికాలో అధ్యక్షపదవికి పోటీచేసి, వోట్లు అడిగి గెలుస్తుంది. పదవి స్వీకరించిన రాత్రే హత్యకు గురి అవుతుంది.