మూడింటిని ఒకటి చేసి బహుళమంటారా?

డిగ్రీలో మూడు సబ్జెక్టుల గ్రూపులకు మంగళం పాడి, 2023-24 నుంచి ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) విధానం తేవాలన్న ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి నిర్ణయం పేద, గ్రామీణ విద్యార్థుల దారులను మూసేదిగా ఉంది. ఒక శాస్త్రాన్ని లోతుగా చదివినవారే పరిశోధనలో రాణిస్తారన్న వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఈ మార్పునే ‘బహుళ విషయ విద్య’గా చాటడం మాత్రం సహించరానిది.

2020 జాతీయ విద్యావిధానం తక్షశిల, నలందలను స్మరించింది. బాణభట్టు ‘కాదంబరి’లోని 64 కళలను ఉదాహరించి, చదువుల మధ్య గోడలు కూల్చాలని చెప్పింది. ఆ మాట మీద గౌరవం ఉన్నవారు ముందుగా కాపాడుకోవలసింది ఎంపీసీ, బీజెడ్‌సీ, హెచ్‌ఈపీ వంటి మూడు సబ్జెక్టుల గ్రూపులనే. ఎంపీసీ చదివిన విద్యార్థి గణితం, భౌతికం, రసాయనం మూడింటినీ సరిసమానంగా చదివాడు. ఆ మూడింటిలో దేనిలోనైనా ఎమ్మెస్సీకి వెళ్లగలిగాడు. ఇకపై? యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో మేజర్‌కు కనీసం 60, మైనర్‌కు (అనుబంధ సబ్జెక్టుకు) 24. ఇతర విభాగాల పరిచయానికి కేటాయించినవి తొమ్మిదే. సగం చదువు ఒక్క సబ్జెక్టుకే కట్టబెట్టి, మిగతావాటిని అంచులకు నెట్టి, దీన్ని విశాల విద్య అనడం విద్యార్థిని మోసగించడమే.

పైనుంచి వచ్చిన విధానమని తప్పించుకునే వీలూ లేదు. రెండో సబ్జెక్టులో 40 శాతం క్రెడిట్లు సాధిస్తే డబుల్ మేజర్ ఇవ్వవచ్చని అదే యూజీసీ చట్రం చెబుతోంది. తెరిచి ఉన్న ఆ తలుపును మన విద్యార్థులకు ఎందుకు మూశారు?

నచ్చిన మైనర్ ఎంచుకునే స్వేచ్ఛ ఉందంటున్నారు. నగరంలోని పెద్ద అటానమస్ కాలేజీలో అది కొంత నిజం. అధ్యాపకుల కొరతతో నెట్టుకొస్తున్న మండల కేంద్రం కాలేజీలో మాత్రం ఏ సబ్జెక్టుకు లెక్చరర్ ఉంటే అదే విద్యార్థి ‘ఎంపిక’.

ఈ మార్పు టీచర్ ఉద్యోగాలపై ఎలా పడుతుందో ఉన్నత పాఠశాలకు వెళ్లి చూడండి. పదో తరగతిలో కాంతి వక్రీభవనం చెప్పే మాస్టారే ఆమ్లాలు, క్షారాలూ చెబుతారు. బయాలజీ టీచర్ మొక్కలతోపాటు జంతువుల పాఠాలూ చెప్పాలి. అందుకే టీచర్ల నియామకానికి జరిపే డీఎస్సీలో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీలో భౌతిక, రసాయన శాస్త్రాల వంటి సబ్జెక్టులు కనీసం రెండు అడుగుతూ వచ్చారు. రేపు ఒక్క ఫిజిక్స్ మేజర్‌తో వచ్చిన అభ్యర్థిని అర్హుడంటారా, కాదంటారా? కాదంటే అతని మూడేళ్ల కష్టం బూడిదపాలు. అవునంటే కెమిస్ట్రీని మైనర్‌గానైనా చదవని మాస్టారు ఆ పాఠాలు ఎలా చెబుతారు? టీచర్ ఉద్యోగమే ఆశగా బీఎస్సీలో చేరే బడుగు ఇళ్ల పిల్లలకు ఇది బతుకు ప్రశ్న. జవాబు సిద్ధం చేయకుండానే నిర్ణయం తీసుకోవడం బాధ్యతారాహిత్యం.

ప్రభుత్వం ఈ విధానాన్ని నిలిపివేయాలి. మూడు సబ్జెక్టుల గ్రూపులను కొనసాగిస్తూ, కోరినవారికే సింగిల్ లేదా డబుల్ మేజర్ ఇవ్వాలి. డీఎస్సీ, బీఈడీ, పీజీ అర్హతలపై ప్రవేశాలకు ముందే స్పష్టమైన ఉత్తర్వులు జారీ చేయాలి. 2023-24లో చేరేవారు 2026లో పట్టా చేతపట్టుకుని ఉద్యోగాల వేటకు బయల్దేరతారు. అప్పుడు సవరిస్తామంటే కుదరదు.