‘మా ఖర్మ’ అన్నచోట ఆగిపోయే మాట

షుగర్ వచ్చి ఎనిమిదేళ్లో పదేళ్లో అయిన మగవాడు ఒకరోజు దిండూ దుప్పటీ తీసుకుని హాల్లోకి వచ్చి పడుకుంటాడు. గదిలో ఉక్కగా ఉందంటాడు. ఎండాకాలం పోయినా మళ్లీ లోపలికి వెళ్లడు. భార్య మొదట తనలోనే లోపం వెతుక్కుంటుంది, తర్వాత అతని ఫోను వెతుకుతుంది. సంగతి అత్తగారిదాకా వెళ్తే ఆమె సిద్ధాంతి గడప తొక్కుతుంది. ఎవరో ఏదో పెట్టారని తేలుతుంది, తాయెత్తు కడతారు, శనికి శాంతి చేయిస్తారు. ఇంత జరిగినా అసలు సంగతి ఎవరి నోటా రాదు. ఏళ్ల తరబడి రక్తంలో ఎక్కువగా ఉన్న చక్కెర నరాలనూ సన్నని రక్తనాళాలనూ దెబ్బతీసింది, అంగస్తంభన తగ్గింది. షుగర్ ఉన్న మగవాళ్లలో సగం మందికి పైగా ఈ ఇబ్బంది ఉందని 145 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్ష లెక్కగట్టింది. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది. హాల్లోకి మారిన ఆ పక్క ఎన్ని లక్షల ఇళ్లలో ఉందో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

నయం కాని జబ్బు ఇంట్లో అడుగుపెడితే మనవాళ్లు ముందుగా అడిగేది ఇదెవరి వల్ల వచ్చిందని. ఆ ప్రశ్నకు కర్మ సిద్ధాంతం దగ్గర ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉంటుంది. తగ్గితే పూజ ఫలించింది, తగ్గకపోతే పాపం ఇంకా మిగిలుంది. ఏం జరిగినా సరిపోయే ఇలాంటి కారణాన్ని పరీక్షించడం కుదరదు, సరిదిద్దడమూ కుదరదు. అంతకన్నా నన్ను బాధించేది, ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతోందన్నది. మొగుడు మంచాన పడితే కోడలు కాలు పెట్టిన వేళ మంచిది కాదు. కోడలు మంచాన పడితే ఏ జన్మలో ఏం చేసుకుందో. ఎలా చూసినా వేలు ఆమె వైపే తిరుగుతుంది. వైద్యం అందడంలోనూ ఇదే తీరు. 1995 నుంచి 2021 దాకా దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో ఆడవాళ్లకు అందినవి 6,945 మాత్రమేనని ప్రభుత్వ లెక్కలున్నాయి. బతికుండగా అవయవం ఇచ్చినవాళ్లలో మాత్రం ఎక్కువమంది ఆడవాళ్లే. అవయవాలు పాడయ్యే జబ్బులు మగవాళ్లకు కొంత ఎక్కువగా రావడం వల్ల కొంత తేడా ఉండొచ్చు గానీ, ఇంత తేడా దానివల్లే అంటే నమ్మలేం. జబ్బుపడ్డవాళ్లను వదిలించుకునే దారి చట్టంలోనూ ఉండేది. కుష్ఠుకు నికరమైన మందు 1980ల నుంచీ ఉంది, అయినా హిందూ వివాహ చట్టంలో అది విడాకులకు కారణంగా 2019 దాకా నిలిచే ఉంది.

జబ్బుపడ్డ భార్యను వదిలేయడం మన సంస్కృతికే ఉన్న జబ్బేమీ కాదు. మెదడులో కణితి, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి జబ్బులున్న 515 మంది గురించి అమెరికాలో 2009లో అచ్చయిన అధ్యయనంలో, జబ్బు భార్యదైనప్పుడు 20.8 శాతం జంటలు విడిపోయాయి. భర్తదైనప్పుడు 2.9 శాతమే. ఇలాంటి విషయం మీదే 2015లో వచ్చిన మరో అధ్యయనంలో లెక్క తప్పిందని తేలితే, రాసినవాళ్లే దాన్ని వెనక్కి తీసుకున్నారు. తప్పు దొరికితే ఒప్పుకునే ఈ పద్ధతి మీదే నా నమ్మకం.

మందులతో, బిల్లులతో నలిగిపోయిన మనిషికి దేవుడి గదే కదా మిగిలిన ఊరట, దాన్ని కూడా లాక్కుంటారా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. పొద్దున్నే దీపం పెట్టి కాసేపు కళ్లు మూసుకుంటే మనసు కుదుటపడేవాళ్లను నేను ఆపను. నా పేచీ అంతా ‘నీ పాపానికి ఇది శిక్ష’ అనే తీర్పుతో. ఆసుపత్రిలో చేరిన 55 ఏళ్లు పైబడిన 596 మందిని రెండేళ్లపాటు గమనించిన అమెరికా అధ్యయనం ఒకటి 2001లో వచ్చింది. దేవుడు నన్ను వదిలేశాడేమో, ఆయనకు నా మీద ప్రేమ లేదేమో అని లోపల్లోపల కుమిలినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి, జబ్బు తీవ్రతను పరిగణనలోకి తీసుకుని చూసినా. జబ్బుపడ్డ మనిషి చెవిలో ఆ తీర్పు వేసే బంధువులు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇలాంటప్పుడు దంపతులిద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలంటాను నేను. ఇంట్లో పెద్దవాళ్లుండగా కౌన్సెలింగ్ ఎందుకని ఇంకో మాట వినిపిస్తుంది. పెద్దవాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ వాళ్లు చెప్పేది ఎక్కువగా సర్దుకుపొమ్మనే. పైగా పడకగది సంగతి అత్తగారి ముందు ఏ కోడలు విప్పుతుంది? కౌన్సెలర్ ముందు ఇద్దరూ కూర్చుంటే విషయం వేరేలా నడుస్తుంది. పథ్యం మొదలయ్యాక చాలా ఇళ్లలో భార్య కాపలాదారు అయిపోతుంది. అతను సెంటర్లో మిరపకాయ బజ్జీ తిని, మూతి తుడుచుకుని ఇంటికొస్తాడు. ఆమె వాసన పట్టేస్తుంది. రోజూ అదే గొడవ. కౌన్సెలింగ్‌లో ఆ గొడవను విడదీసి చూస్తారు. షుగర్ చూసుకునే పూచీ ఎవరిది, ఆమె ఏ ప్రశ్న అడగడం మానాలి, అతను ఏది దాచకుండా చెప్పాలి అన్నవి ఇద్దరూ కూర్చుని తేల్చుకుంటారు. స్తంభన సమస్యకు మందులున్నాయని, భార్య తప్పేమీ లేదని ఇద్దరూ ఒకేసారి వింటారు.

మాటలతో షుగర్ తగ్గుతుందా అంటే, ఒక్క మాటలతోనే తగ్గదు. దంపతులిద్దరితో కలిపి పనిచేసిన 33 అధ్యయనాలను 2010లో పోల్చి చూస్తే దిగులు, నొప్పి, కాపురం మూడింట్లోనూ మేలు కనిపించింది. చిన్న మేలే. ఇంతకన్నా గట్టి ఆధారం మన దగ్గరే ఉంది. విశాఖపట్నం, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ క్లినిక్కుల్లో షుగర్‌తోపాటు దిగులు కూడా ఉన్న 404 మందిని తీసుకుని, కొందరికి మామూలు వైద్యం, మిగతావాళ్లకు దానితోపాటు డాక్టర్లు కాని సిబ్బంది తరచూ మాట్లాడి వెన్నంటి ఉండే ఏర్పాటు చేశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. దిగులు సగానికి తగ్గి, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌లో ఒక్కటైనా మెరుగైనవాళ్లు రెండేళ్లకు మామూలు వైద్యంలో 57.4 శాతం, రెండోదాంట్లో 71.6 శాతం.

కౌన్సెలర్లు తక్కువ, ఉన్నచోట ఫీజు ఎక్కువ. అది నిజమే, నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. మానసిక జబ్బులకూ శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. మానసిక సహాయం కోసం టెలీ మానస్ నంబరు 14416కు పైసా ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు. షుగర్ క్లినిక్కులో కాలి వేళ్లు చూస్తారు, కళ్లు పరీక్ష చేయించుకోమంటారు. అక్కడే బల్ల మీద దిగులును పసిగట్టే తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి పెట్టొచ్చు. డాక్టర్లకు అది తెలియనిదేమీ కాదు. గడిచిన రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా అన్నది అందులో మొదటి ప్రశ్న. బయట బెంచీ మీద ఫైలు పట్టుకుని కూర్చున్న భార్యను కూడా లోపలికి పిలిచి, ఆ కాగితం ఆమె చేతికీ ఒకటి ఇవ్వాలి.